నేల దొరికేదాకా మౌనం

మా మేడమ్ పోయారు. ఈ వార్త నాకు రెండుసార్లు అందింది. మొదటిసారి, ఆమె దగ్గర నాతోపాటు చదువుకున్న అస్కా ఊరి అమ్మాయి ఫోన్ చేసింది. "ఒరే, మేడమ్ ఎల్లిపోనారు. టీ అడిగినారంట. వాళ్ళ సెల్లెలు పట్టుకొచ్చీలోగా ఎల్లిపోనారు," అంది. తర్వాత, "మైకు సంగతి గుర్తుందా?" అని అడిగింది. గుర్తుందన్నాను.

రెండోసారి, మా పాత కళాశాలవారి సంతాప ప్రకటన ద్వారా అందింది. అందులో మేడమ్ గురించి ఒక వాక్యమూ, ఆ వాక్యాన్ని విడుదల చేస్తున్న డైరెక్టరుగారి గురించి తక్కిన వాక్యాలూ ఉన్నాయి. ఆయన ప్రోత్సాహం లేనిదే ఆమె కృషి లేదని సారాంశం. ఒక ఫొటో కూడా జతచేశారు. అందులో డైరెక్టరుగారు స్పష్టంగా ఉన్నారు. ఆయన భుజం వెనక కనిపించే చీర అంచు మా మేడమ్‌ది.

పాఠకులకు ఒక విషయం ముందే విన్నవించడం నా విధి. ఇటువంటి వ్యాసాల్లో పోయినవారు సాధారణంగా అజాతశత్రువులై ఉంటారు. మా మేడమ్‌కు ఒక శత్రువు ఉన్నారు. ఒక్కరే. ఆ శత్రుత్వాన్ని ఆమె ఉద్యోగకాలమంతా ఎంత నియమంగా పోషించారంటే, ఆమె మంచితనం మాత్రమే రాసి దీన్ని వదిలేస్తే ఆవిడ శ్రమలో సగాన్ని నేను దాచినట్టవుతుంది. అందరికీ అంత ఓపిక ఉండదు. ఆమె మాటల్లోనే చెప్పాలంటే, "కోపమంటే పకోడీ రా, వేడి మీద తినీసెయ్యాల. పగ అలక్కాదు. ఊరగాయి. జాడీలో ఎట్టి, మూత ఎట్టి, అప్పుడప్పుడూ కలపాల." బరంపురంలో పుట్టి పెరిగిన మనిషి, ఊరగాయల విషయంలో ఆమె మాటకు తిరుగులేదు.

మైకు సంగతి ఇది. ఆమె మంచం పట్టాక, బరంపురంలోనే హల్దియాపదర్ పేటలోని వారింటికి అస్కా అమ్మాయి, మాతో చదివిన ఖల్లికోట కుర్రాడు, నేను కలిసి వెళ్ళాం. మేమిచ్చిన నారింజపళ్ళు పక్కన పెట్టించి, దిండుకు ఆనుకుని, పాఠం చెప్పే గొంతుతోనే చెప్పారు.

"నాను పోయాక కాలేజీలో మీటింగు పెడతారు. పెట్టక మానరు, వాళ్ళకి అదొక పని. ఆ మీటింగులో డైరెక్టరు మైకు అట్టుకుంటాడు. నా రిటైర్మెంటునాడు ఏటి మాటాడినాడో మీకు తెలుసు. ఇంకోపాలి ఆయన నా గురించి మాటాడితే నానూరుకోను. అప్పటికి నానుండను గాబట్టి మీరు ఊరుకోకూడదు."

"కరెంటు తీసేద్దాం మేడమ్," అన్నాడు ఖల్లికోట కుర్రాడు.

"అది గలాటా రా. గలాటా సెయ్యడం మన లేబు పద్ధతి కాదు. పద్ధతిగా సెయ్యండి."

పద్ధతి ఏమిటో ఆమె చెప్పలేదు. మేమూ అడగలేదు. ఆమె పరీక్షల్లో ప్రశ్న వివరించమని అడిగేవాళ్ళకు మార్కులు తగ్గేవి.

ఇక ఈ శత్రుత్వానికి మూలం. మేడమ్ బరంపురం శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పేవారు. కళాశాల పేరు అనవసరం. ఏ గోడ మీద చూసినా డైరెక్టరుగారి ఫొటో కనిపిస్తే అదే. మేడమ్ ముత్తాత మద్రాసు హయాంలో గుమాస్తాగా గంజాం వచ్చి ఇక్కడే ఉండిపోయారట. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, సమావేశాల్లో ఇంగ్లీషు మాట్లాడేవారు. కోపం మాత్రం తెలుగులోనే.

ఒకనాటి సమావేశంలో ఆమె, పిల్లలకు చిన్న ఉపగ్రహాలు తయారుచేయడం నేర్పుతాననీ, ఒక గది ఇవ్వమనీ కోరారు. డైరెక్టరుగారు నవ్వి, "మేడమ్‌గారూ, ఉపగ్రహాలు చేసేవాళ్ళు వేరే ఉన్నారు. మనది బరంపురం, అప్పడాలకు పేరుపడ్డ ఊరు. మీరు అప్పడాల మీద పరిశోధన చేయండి, వెంటనే సంతకం పెడతాను," అన్నారు. సమావేశం నవ్వింది. మేడమ్ కూడా నవ్వారని, చూసినవాళ్ళు ఇప్పటికీ కొంచెం భయంగా చెబుతారు. మర్నాడు ఆమె అప్పడాల మీద పరిశోధనకు గది కావాలని దరఖాస్తు పెట్టారు. డైరెక్టరుగారు మాట తప్పే మనిషి కారు గనక సంతకం పెట్టారు.

ఆ గదిలోనే మాకు ఉపగ్రహాలు నేర్పారు. అప్పడాలతోనే నేర్పారు.

మేము తయారుచేసింది కూల్‌డ్రింక్ డబ్బా అంత ఉంటుంది. అది అంతరిక్షానికి వెళ్ళదు. బెలూన్ కింద దారంతో వేలాడుతూ పైకి పోతుంది. వంద మీటర్ల ఎత్తుకు చేరాక సన్నని తీగ ఒకటి వేడెక్కి దారాన్ని కాలుస్తుంది, మూత తెరుచుకుంటుంది, లోపలున్న గొడుగు గుడ్డ విచ్చుకుంటుంది, డబ్బా మెల్లగా దిగుతూ గాలి ఒత్తిడీ వేడిమీ రేడియోలో కిందికి చెబుతుంటుంది. "పెద్ద ఉపగ్రహానికున్న అవయవాలన్నీ దీనికీ ఉన్నాయి. లేనిది హోదా ఒక్కటే," అనేవారు మేడమ్. ఆ మాట డబ్బా గురించి మాత్రమే అన్నారని మేము అనుకోలేదు.

మొదటి రోజు ఆమె స్టీలు డబ్బా నిండా కాల్చిన చిన్న అప్పడాలు తెచ్చారు. ఒక్కొక్కరికి ఒక ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బా, కొంచెం దూది, కొంచెం దారం ఇచ్చారు. "సర్క్యూట్ బోర్డు ఎలాగుంటాదో ఇదీ అలాగే ఉంటాది, గుండ్రంగా, పల్చగా. దీన్ని లోపల అమర్చి మేడ మీంచి పడెయ్యండి. అప్పడం ఇరగకపోతే అప్పుడు మీ సేతికి బోర్డు ఇస్తాను," అన్నారు.

నాది మొదటిసారే పొడి అయింది. మేడమ్ ఆ పొడిని అరచేతిలో పోసుకుని నోట్లో వేసుకుని, "రుచి బాగుంది. ఉపగ్రహం మాత్రం లేదు," అన్నారు. అస్కా అమ్మాయిది రెండు ముక్కలైంది. ఖల్లికోట కుర్రాడిది చిలికా సరస్సులో చేపలు పట్టే కుటుంబం. వాడు దూది ముట్టుకోలేదు. డబ్బా లోపల వల దారంతో ఉయ్యాల అల్లి, అప్పడాన్ని అందులో పడుకోబెట్టాడు. పడేశాక తీసి చూస్తే అప్పడం చెక్కుచెదరలేదు. మేడమ్ దాన్ని తీసుకుని, డైరెక్టరుగారి గది వైపున్న కిటికీ దగ్గరికి వెళ్ళి, అక్కడ నిలబడి నిదానంగా తిన్నారు. పరిశోధన ఫలితాలను సంబంధిత అధికారి సమక్షంలో వినియోగించడం అన్నమాట.

ప్రోగ్రామ్ రాయడం నేర్పిన తీరు మరొకటి. ముందు నోటితో చెప్పించేవారు. ముట్టుకోవద్దు కీబోర్డు, నువ్వే డబ్బావి, పొద్దున్న లేచావు, ఏం చేస్తావో చెప్పు. చెప్పలేనివాళ్ళు గుమ్మం పక్కన నిలబడి ఆలోచించుకోవాలి. "యంత్రానికి సిగ్గుండదు. ఏటి సెప్తే అది సేస్తాది. సెప్పినోడికే సిగ్గుండాల," అనేవారు.

అస్కా అమ్మాయి రాసిన మొదటి ప్రోగ్రామ్ ప్రకారం, బల్ల మీద కూర్చున్న డబ్బా ఒక సాయంత్రం తాను గాలిలో ఉన్నట్టు చెప్పింది. మర్నాడు పొద్దున్న భూమిలోకి దిగిపోయినట్టు చెప్పింది. డబ్బా గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు లెక్కకడుతుంది. ఒత్తిడి తగ్గితే పైకి వెళ్ళాననుకుంటుంది. ఆ పిల్ల ఏదో పుస్తకంలో నేల మట్టపు ఒత్తిడి చూసి ఆ అంకెనే ప్రోగ్రామ్‌లో పెట్టేసింది. ఒత్తిడేమో పూటపూటకీ మారుతుంది.

"మీ అస్కా మిల్లుకి సెరుకు లారీ వొస్తాది గదా. సెరుకుతో తూస్తారు. దించీసినాక ఖాళీ లారీని మళ్ళీ ఎందుకు తూస్తారు?" అని అడిగారు మేడమ్.

"లారీ బరువు సెరుకులో కలిపీకూడదని మేడమ్."

"మరి ఈపూట గాలి బరువు నీ ఎత్తులో ఎందుకు కలిపీసినావు?"

ఆ పిల్ల గుమ్మం దాకా వెళ్ళకుండానే మాట్లాడింది. "మీట వెయ్యగానే ముందు ఇక్కడి నేల ఏటో అడగాల మేడమ్."

"అదే. నేలెక్కడుందో ముందు అడుగు. ఆకాశం ఎక్కడికీ ఎల్లిపోదు."

అప్పటినుంచి మా డబ్బాలన్నింటికీ ఒకే ఆచారం. మీట వేయగానే ఎర్ర దీపం వెలుగుతుంది. రెండు నిమిషాలపాటు డబ్బా గాలి ఒత్తిడిని చూస్తూ కూర్చుంటుంది. ఆ రెండు నిమిషాలూ ఒత్తిడి కదలకుండా ఉంటే ఆ అంకెను నేలగా ఒప్పుకుని ఆకుపచ్చ దీపం వెలిగిస్తుంది. కదిలిందా, మళ్ళీ మొదటి నుంచి. లోపలి పరికరం ఎంత సున్నితమైనదంటే, తలుపులన్నీ మూసిన ఏసీ గదిలో ఎవరైనా తలుపు తీస్తే చాలు, అంకె చెదిరిపోతుంది. అందుచేత ఎర్ర దీపం వెలుగుతున్నంతసేపు మా ల్యాబులో ఎవరూ తలుపు ముట్టుకోకూడదు, మాట్లాడకూడదు. మాటకీ ఒత్తిడికీ సంబంధమేమిటని నేనొకసారి అడిగాను. "మాట మొదలైతే మనిషి లేస్తాడు. లేస్తే తలుపు దాకా ఎల్తాడు," అన్నారు.

డైరెక్టరుగారు ఒకసారి తనిఖీకి వచ్చి, ఎర్ర దీపం వెలుగుతుండగా తలుపు తోశారు. మేడమ్ వెనక్కి తిరక్కుండా, "మళ్ళీ మొదటి నుంచి," అన్నారు. ఆయన బయటికి వెళ్ళి, ఏమనుకున్నారో, మళ్ళీ తోశారు.

"మళ్ళీ మొదటి నుంచి."

"ఏం జరుగుతోంది మేడమ్‌గారూ ఇక్కడ?"

"నేల వెతుకుతున్నామండీ."

"నేల మీ కాళ్ళ కిందే ఉంది కదా."

"మీకు అలా అనిపిస్తోందండీ," అన్నారు మేడమ్, అతి మర్యాదగా. పుస్తకాల తెలుగు అది. ఆ తెలుగు వాడుతున్నారంటే జాడీ మూత తీశారని మాకు తెలుసు.

మా డబ్బా కళాశాల మైదానంలో మొదటిసారి ఎగిరి, చెప్పిన ఎత్తులోనే దారం కాల్చుకుని, నల్లటి గొడుగు గుడ్డ కింద ఊగుతూ దిగింది. స్టీలు కొలత టేపు ముక్కలతో మేము చేసిన యాంటెనాలో అది మాట్లాడుతుంటే ఖల్లికోట కుర్రాడు దాని వెంట పరిగెత్తి, ఎవరిదో వరిచేలో బోర్లా పడి, పడుకునే పట్టుకున్నాడు. ఆ సాయంత్రమే డైరెక్టరుగారు ఉపగ్రహాలను ప్రేమించడం ప్రారంభించారు. ప్రేమ ఎంత గాఢమైనదంటే, ప్రాజెక్టు కింద ఆయన పేరు, పైన ఆయన ఫొటో, చుట్టూ ఆయన ఆశయాలు వచ్చాయి. ఒక ముఖ్య అతిథిని పిలిచి బహిరంగ ప్రదర్శన పెట్టాలని నిర్ణయించారు. ఆహ్వానపత్రంలో మేడమ్ పేరు లేదు. "సిబ్బంది సహకారంతో" అని ఉంది. మేడమ్ ఆ సిబ్బంది.

ప్రదర్శనకు ముందు డైరెక్టరుగారు ల్యాబుకు వచ్చి, ఎండ కాస్తున్న ఒక చలికాలపు ఉదయాన, ఒక ఆదేశం ఇచ్చారు. ముఖ్య అతిథి సమయం విలువైనది. ఆయన మీట వేశాక రెండు నిమిషాలు ఎర్ర దీపం చూస్తూ నిలబడడం మర్యాద కాదు. నేలను వెతికే ఆ కార్యక్రమాన్ని తీసేసి, ఇవాళ్టి నేల అంకెను శాశ్వతంగా పెట్టేయాలి.

"అలా చేస్తే వాతావరణం మారిననాడు తప్పు చెబుతుందండీ," అన్నారు మేడమ్. మూడు భాషల్లో చెప్పారు.

"మేడమ్‌గారూ, మీరు అప్పడాల సంగతి చూసుకోండి. ఇది ఆదేశం," అన్నారు ఆయన. మమ్మల్ని చూసి నవ్వారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆయన వెళ్ళాక అస్కా అమ్మాయి అంది: "మనం తీసీసినట్టు సెప్పి, లోపల ఉంచీద్దాం మేడమ్. ఆయనకేటి తెలుస్తాది?"

మేడమ్ చాలాసేపు బల్ల మీది డబ్బాను తిప్పి చూశారు. చివరికి అన్నారు. "వొద్దు. ఆయన సెప్పినట్టే సెయ్యండి. ఒక్క అక్షరం తక్కువ సెయ్యొద్దు, ఒక్క అక్షరం ఎక్కువ సెయ్యొద్దు."

ముఖ్య అతిథికి తీరిక దొరక్క ప్రదర్శన వాయిదాల మీద వాయిదాలు పడింది. ఆఖరికి తీరిక దొరికిన రోజుకు మా పక్కనున్న గోపాల్‌పూర్ ఎదుట సముద్రంలో వాయుగుండం ఉంది. ఉదయం నుంచి ఆకాశం సీసపు రంగులో ఉంది. గాలి ఇంకా లేవలేదు, వాన ఇంకా పడలేదు, ఒత్తిడి మాత్రం పడిపోయింది. వాయిదా వేద్దామని మేడమ్ ఒక్కమాట అన్నారు; షామియానా కట్టేశామని జవాబు వచ్చింది. ఆమె వెళ్ళి ఆఖరి వరసలో కూర్చున్నారు.

దండలు పడ్డాయి. డైరెక్టరుగారు ప్రసంగించారు. తర్వాత డబ్బాను ముఖ్య అతిథి చేతుల్లో పెట్టి, తాను పక్కన ఆనుకుని నిలబడి, ఫొటోగ్రాఫర్ సిద్ధంగా ఉన్నాడని నిర్ధారించుకుని, "ఇప్పుడు మీట వేయండి సార్," అన్నారు. అతిథి మీట వేశారు. డబ్బా తనకు చెప్పిన చలికాలపు నేలతో ఆనాటి గాలిని పోల్చుకుంది. తాను అప్పటికే వంద మీటర్లు దాటి పైన ఉన్నాననే న్యాయమైన నిర్ణయానికి వచ్చింది. తీగ వేడెక్కింది. మూత టప్పున తెరుచుకుంది. నల్ల గొడుగు గుడ్డ ఎగిరి డైరెక్టరుగారి తల మీద పూర్తిగా, ఏ మూలా మిగలకుండా, పరుచుకుంది. ఫొటోగ్రాఫర్ తన విధి నిర్వర్తించాడు.

వెనక పెద్ద తెర మీద ఎత్తు అంకె వెలుగుతోంది. ముఖ్య అతిథి ఆ అంకెనూ తన చెప్పులనూ మార్చి మార్చి చూసి, పక్కనున్న గుమాస్తాను ఒడియాలో, "ఆమే కేతే ఉపరే అఛూ?" అని అడిగారు. మనం ఎంత ఎత్తులో ఉన్నాం అని. గుమాస్తాకు తెలియదు. సభ అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఆఖరి వరస నుంచి ఒక అప్పడం కొరికిన చప్పుడు, చాలా స్పష్టంగా, వినిపించింది.

పగకు ఖరీదు ఉంటుందని ఆమె మాకెప్పుడూ దాచలేదు. వారం తిరక్కుండా ల్యాబుకు మరమ్మతుల పేరుతో తాళం పడింది. మరమ్మతు చేసేవాళ్ళు రాలేదు; తాళం మాత్రం అద్భుతంగా పనిచేసింది. మేడమ్‌కు హాస్టల్ భోజనాల పర్యవేక్షణ అప్పగించారు. పదవీ విరమణ దాకా ఆమె ఆ గదిలో మళ్ళీ అడుగు పెట్టలేదు. మా తర్వాతి పిల్లలు ఆదివారాలు హల్దియాపదర్ వెళ్ళి, వారింటి మేడ మీద, ఆరేసిన బట్టల మధ్య నేర్చుకున్నారు. అప్పడాలు ఆమె సొంతం. బోర్డులు కూడా.

విరమణ సభలో డైరెక్టరుగారు ఆమె గురించి మాట్లాడారు. ఉపగ్రహాల ఆలోచన తనదేననీ, భయపడుతున్న మేడమ్‌కు తానే ధైర్యం చెప్పాననీ, ల్యాబు మూతపడినందుకు అందరికంటే తానే ఎక్కువ బాధపడ్డాననీ చెప్పి, కళ్ళు తుడుచుకున్నారు. మెడలో దండతో పక్కన కూర్చున్న మనిషి మధ్యలో లేవకూడదు కాబట్టి ఆమె మొత్తం విన్నారు. ఇంటికి వెళ్తూ ఆటోలో నాతో అన్నారు: "తాళం వేసినందుకు నాను బాధపడలేదు రా. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు సూడు, అదీ." ఆ తర్వాత ఆటోవాడితో, "గతుకులు తప్పించి నడుపు బాబూ, సంచీలో అప్పడాలున్నాయి," అన్నారు.

ఇక సంతాప సభ. కళాశాలవారు ఏర్పాట్లు ఘనంగా చేశారు. కొత్త ఏసీ హాలు, ఒకటే తలుపు, దానికి స్ప్రింగు. వేదిక మీద మేడమ్ ఫొటో, దండ, దీపం. కార్యక్రమం: జ్యోతి ప్రజ్వలనం, రెండు నిమిషాల మౌనం, డైరెక్టరుగారి ప్రసంగం, ముగింపు. ప్రసంగం తర్వాత, తాళం వేసిన ఆ గదికి తన పేరు పెట్టబోతున్నట్టు కూడా ప్రకటిస్తారని ఆఫీసులో చెప్పారు.

సభకు ముందు అస్కా అమ్మాయి డైరెక్టరుగారి దగ్గరికి వెళ్ళింది. చేతిలో మేడమ్ ఇంటి నుంచి తెచ్చిన పాత డబ్బా. చాలా వినయంగా మనవి చేసింది. "సార్, ఇది మేడమ్ సొంతంగా కట్టిన డబ్బా. ఫొటో ముందు పెడదామని. మీట వేస్తే ఎర్ర దీపం, రెండు నిమిషాలకి ఆకుపచ్చ. మౌనం దీంతోనే కొలిస్తే బాగుంటుంది సార్. మీరే మీట వెయ్యాలి."

పత్రికలవాళ్ళు ఎదురుగానే ఉన్నారు. డైరెక్టరుగారు డబ్బాను రెండు చేతులా అందుకున్నారు. మైకు ముందుకు వచ్చి, గంభీరంగా ప్రకటించారు: "స్వర్గీయ మేడమ్‌గారి గౌరవార్థం, ఈ ఆకుపచ్చ దీపం వెలిగే వరకు సభలో ఎవ్వరూ మౌనం విడవకూడదు. ఇది నా ఆదేశం."

అస్కా అమ్మాయి నా పక్కకు వచ్చి కూర్చుంటూ, పెదవులు కదలకుండా అంది. "విన్నావు గదా. ఒక్క అక్షరం తక్కువ సెయ్యొద్దు."

ఆయన డబ్బాను ఫొటో ముందు పెట్టి మీట వేశారు. ఎర్ర దీపం వెలిగింది. అందరూ లేచి నిలబడ్డారు. ఆయన ప్రసంగం కాగితాలు తీసుకుని మైకు దగ్గరే తల వంచుకున్నారు. సగం సమయం గడిచిందో లేదో తలుపు తెరుచుకుంది. మేడమ్ దగ్గర చదువుకున్న ఒక మనిషి, బహుశా పర్లాకిమిడి నుంచి వస్తున్నాడు, చేతిలో ఒక బంతిపువ్వుతో మునివేళ్ళ మీద నడిచివచ్చి, ఫొటో ముందు పెట్టి, దండం పెట్టి, వెనక్కి వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాడు. డబ్బా ఒక్కసారి రెప్పవేసినట్టు ఆరి, మళ్ళీ ఎర్రగా వెలిగింది. మొదటి నుంచి.

తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఈసారి ఒక అమ్మాయి, చంకలో బిడ్డతో. పువ్వు పెట్టింది. రెప్ప. ఎరుపు. తర్వాత నెరిసిన జుట్టువాడొకడు. తర్వాత యూనిఫామ్‌లో ఒక బస్సు కండక్టరు. అతనూ ఆ మేడ మీంచి అప్పడం పడేసినవాడే. తలుపు అద్దంలోంచి చూస్తే బయట వరండాలో వరస. వరస ముందు ఖల్లికోట కుర్రాడు, చేతులు కట్టుకుని, ఎంతో క్రమశిక్షణతో, ఒక్కొక్కరినీ, తగినంత ఎడం ఇచ్చి, లోపలికి పంపుతున్నాడు. గలాటా ఏమీ లేదు. ఆమె ఎంతమందికి నేర్పారో వాళ్ళంతా వచ్చారు, అంతే. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేరు.

ఒకసారి డైరెక్టరుగారు గొంతు సవరించుకున్నారు. ముందు వరసలో నిలబడిన మేడమ్ పక్కింటి మామ్మగారు, మోకాళ్ళ నొప్పితో కుర్చీ పట్టుకుని నిలబడ్డ మనిషి, తల ఎత్తి ఆయన్ని చూసి పెదవుల మీద వేలు పెట్టారు. పత్రికలవాళ్ళు కెమెరా ఎత్తారు. ఆయన నోరు మూసుకున్నారు.

ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. వరస తగ్గుతూనే ఉంది. ఫొటో ముందు పువ్వులు పెరిగి డబ్బా నడుము దాకా వచ్చాయి. మామ్మగారు ముందు కదిలారు. ఫొటోకి దండం పెట్టి, చీర కొంగు సర్దుకుని, మాట లేకుండా బయటికి నడిచారు. తలుపు. రెప్ప. ఎరుపు. ఆమె వెనక మరొకరు. మరొకరు. మౌనం విడవకుండా సభ విడవడం ఆదేశానికి విరుద్ధం కాదు. పత్రికలవాళ్ళు కూడా వెళ్ళారు. అస్కా అమ్మాయి తన సంచీలోంచి కాల్చిన అప్పడం ఒకటి తీసి, విరగకుండా, పువ్వుల మీద పడుకోబెట్టి, నాకు సైగ చేసింది.

ఆఖరున వెళ్ళింది నేనే. ఇక తలుపు ఎవరూ తీయకపోతే రెండు నిమిషాల్లో డబ్బాకు నేల దొరుకుతుంది, ఆకుపచ్చ వెలుగుతుంది, అప్పుడు డైరెక్టరుగారు ఎంతసేపైనా మాట్లాడవచ్చు. మా తరఫున అభ్యంతరం లేదు. గుమ్మంలో ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. ఖాళీ కుర్చీలు. మైకు ముందు ఆయన, చేతిలో కాగితాలు ఏసీ గాలికి కదులుతున్నాయి, నోరు కొంచెం తెరిచి ఉంది, కళ్ళద్దాల మీద చిన్న ఎర్ర చుక్క. నేను తలుపు వదిలేశాను. అది మెల్లగా మూసుకుంది. కళ్ళద్దాల మీది చుక్క ఒక్క క్షణం ఆరి, మళ్ళీ వెలిగింది.